మూసిన పేజీలు

గలుహ్ ఎప్పుడు వచ్చినా గోడకు వీపు ఆనించే కూర్చునేది. మా ముందుగదిలో ఎన్ని కుర్చీలున్నా ఆమెకు ఆ మూల కుర్చీయే కావాలి. అక్కడ ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుంటే తెర ఆమెకు తప్ప ఇంకెవరికీ కనబడదు.

"ఒక్క పది నిమిషాలు ఇబు. వెనింగ్ దగ్గర నా ఫైళ్ళు కొన్ని ఉండిపోయాయి" అని మొదటిసారి అడిగింది. మా వైపు పెద్దావిణ్ణి ఇబు అనీ, పొట్టిగా బు అనీ పిలుస్తారు. వెనింగ్ నా కూతురు. జోగ్జా నగరంలో అద్దె గదిలో ఉండేది. డెంగీ జ్వరంతో పోయింది. గలుహ్‌ది పక్క గది. ఆస్పత్రికి తీసుకువెళ్ళింది కూడా ఆమే. అలాంటి పిల్లకు కాదని చెప్పడానికి నాకు కారణం దొరకలేదు. పది నిమిషాల్లో అయిపోవలసిన పని కోసం ఆమె మళ్ళీ వచ్చింది. ఆ తర్వాత మళ్ళీ వచ్చింది. జోగ్జా నుంచి మా ఊరు క్లాతెన్‌కు రైలెక్కి, స్టేషన్ నుంచి ఎండలో నడిచి.

నాకు తెలియవలసింది ఒక్కటే. జ్వరం తగిలిన రోజుల్లో ఫోన్ చేస్తే వెనింగ్ "చిన్న జ్వరమేనమ్మా. ఒక పని మిగిలింది, అవగానే ఇంటికొచ్చేస్తా" అంది. ఏమిటా పని? అనువాదాలు చేయించే ఆఫీసులో ఉన్నానని చెప్పేది. ఆ ఆఫీసు నుంచి పలకరింపుకు ఒక్కరూ రాలేదు. ఒళ్ళు కాలిపోతుంటే ఆస్పత్రికి పోకుండా మంచం మీద కూర్చోబెట్టినంత పని ఏమిటో తెలియకపోతే, ఆమె పోయిన నలభయ్యో నాటి ప్రార్థనలో అందరి మధ్యా కూర్చుని ఏమని వేడుకోవాలో నాకు తెలియడం లేదు. దానికి జవాబు ఉంటే ఆ ల్యాప్‌టాప్‌లోనే ఉండాలి. ఆ ల్యాప్‌టాప్ గలుహ్ ఒళ్ళో ఉంది.

టీ తీసుకుని గుమ్మం దాటేసరికి ఆమె వేళ్ళు కదిలేవి. చెయ్యి ఎటూ జరిగేది కాదు. నేను వెనకగా వెళ్ళి నిలబడితే తెర మీద ఎప్పుడూ ఒకటే పేజీ: మబ్బు, సూర్యుడు, రేపటి వాన.

"రేపు వాన పడుతుందట ఇబు."

"పడనీ" అన్నాను. టీ గ్లాసు ఆమె ముందు పెట్టాను గాని "మంగ్గో, తాగమ్మా" అనలేదు. నేను అననిదే ఆమె ముట్టదని తెలుసు. టీ మీద మీగడలా పొర కట్టింది.

పక్కింట్లో ఉండే మా ఆడపడుచు పర్మికి ఇలాంటివి చెప్పనక్కరలేదు.

"వదినా, ఆ పిల్ల వేళ్ళు చూశావా? కోడి నూకలు ఏరుకున్నట్టు టకటకటక! నువ్వు అడుగు పెట్టీ పెట్టకముందే మబ్బూ సూర్యుడూ! వాతావరణం చూసుకోడానికి రైలెక్కి వస్తారా ఎవరైనా? జోగ్జాలో ఆకాశం లేదా?"

"ఏవో ఫైళ్ళున్నాయట."

"ఫైళ్ళు! మగాడి గొడవ అయ్యుంటుంది. పోయినదాని గుట్టు తుడిచేస్తోంది. లేదా తన గుట్టే తుడుచుకుంటోందేమో. అడిగెయ్."

"ఎలా అడగను?"

"నోటితో!"

అంత మాట అన్న పర్మి మరుసటిసారి గలుహ్ ఎదురుపడగానే "అయ్యో, ఎంత చిక్కిపోయావే తల్లీ, అన్నం తిన్నావా?" అని బుగ్గ నిమిరి, వేయించిన సోయా తెంపే రెండు ముక్కలు చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. మా ఊళ్ళో మొహమాటం అలాంటిది. వీపు వెనక ఎంతైనా అనుకుంటాం. ఎదుట పడితే తినమంటాం. అడిగితే ఒక్క మాటతో తేలిపోయే అనుమానాన్ని అడగకుండా ఏళ్ళ తరబడి పెంచుకున్న ఇళ్ళు మా వీధిలోనే ఉన్నాయి.

గలుహ్ లేనప్పుడు నేనే తెరిచి చూద్దామంటే ఒక చిక్కు ఉంది. ఎప్పుడో కాఫీ ఒలికి ఆ ల్యాప్‌టాప్‌లో వేలితో రుద్దే పలక చచ్చిపోయింది. మౌస్ తగిలించే రంధ్రం వదులై, తగిలించినా పట్టు నిలవదు. "బాగుచేయించుకోవే" అంటే "పది వేళ్ళూ ఉన్నాయిగా అమ్మా" అనేది వెనింగ్. ఆమె, గలుహ్ ఇద్దరూ ఆ మీటలతోనే ప్రపంచమంతా తిరిగేవాళ్ళు. బాణం గుర్తు లేని తెర ముందు నేను కిటికీ లేని గదిలో కూర్చున్నదానిలా ఉండిపోయేదాన్ని.

అందుకే దాన్ని సంచిలో పెట్టుకుని బడికి తీసుకువెళ్ళాను. నేను అక్కడ భాష చెబుతాను. కంప్యూటర్లు చెప్పేది యువోనో సారు, మా మాటలో పాక్ యువోనో. ఉపాధ్యాయుల గదిలో ఎవరి యంత్రం మొరాయించినా "ఉపాయం ఉంది బు, దేనికైనా ఉపాయం ఉంది" అంటూ వచ్చే మనిషి. భోజనాల వేళ ల్యాబ్ ఖాళీగా ఉంది.

"మౌస్ లేకుండా పేజీలు తిరగడం నేర్పాలి పాక్."

ఆయన నవ్వారు. "మౌస్ ముసలాళ్ళ చేతికర్ర బు. మీరు కర్ర పారేసి పరుగు పందెంలోకి దిగుతానంటున్నారు."

"నడిస్తే చాలు."

తన కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, మౌస్ తీగ ఊడబీకి జేబులో వేసుకుని మొదలుపెట్టారు. బాగా చెబుతారు, అది ఒప్పుకోవాలి. కంట్రోల్ పట్టుకుని ఎల్ నొక్కితే పైన చిరునామా రాసే గడిలోకి వెళతాం. టి నొక్కితే కొత్త పేజీ. డబ్ల్యు నొక్కితే ఉన్న పేజీ మూసుకుపోతుంది. కంట్రోల్‌తో ట్యాబ్ మీట కలిపితే ఒక పేజీ నుంచి పక్క పేజీకి. ఆల్ట్‌తో ఎడమ బాణం కలిపితే వచ్చిన దారినే వెనక్కి. ఒట్టి ట్యాబ్ మీట నొక్కుతూ పోతే లింకు తర్వాత లింకు. తొందరపడి దాటిపోతే షిఫ్ట్ కలిపి ఒక మెట్టు దిగడం.

"కంట్రోల్ వదిలెయ్యండి బు. అది ఎక్కడికీ పారిపోదు. చిటికెన వేలు తెల్లబడిపోతోంది చూడండి."

"ఎవరైనా దగ్గరికి వస్తుంటే చప్పున తెర మార్చడానికి ఏం నొక్కుతారు?"

"ఆహా! అది పిల్లలు మనకు నేర్పే పాఠం. కంట్రోల్, డబ్ల్యు. ఉన్న పేజీ మాయం. కింద ఇంకోటి అమాయకంగా కూర్చుని ఉంటుంది."

"మరి మాయమైన పేజీని మళ్ళీ రప్పించాలంటే?"

యువోనో కళ్ళద్దాలు తీశారు. చొక్కా అంచుతో తుడుచుకున్నారు. "ఈ యంత్రం ఎవరిది బు, మీ సంచిలో ఉన్నది?"

"వెనింగ్‌ది."

"అయ్యో" అన్నారు. కళ్ళద్దాలు పెట్టుకుని, "మూసిన పేజీ మూసినట్టే బు. రప్పించడానికి లేదు" అన్నారు.

దేనికైనా ఉపాయం ఉన్న మనిషి లేదనడం నేను వినడం అదే మొదలు.

"దాన్ని నాకివ్వండి, పలక మార్చి తెస్తాను."

"ఎందుకు పాక్, మీకు శ్రమ."

"శ్రమేముంది? రెండ్రోజుల్లో ఇచ్చేస్తా."

"వద్దు లెండి, ప్రార్థన పనులు అయ్యాక చూద్దాం."

"ప్రార్థన లోపే ఇస్తాను బు. కొత్తదానిలా చేసి ఇస్తాను."

మావాళ్ళు ఇచ్చే మాటైనా తీసుకునే మాటైనా మూడుసార్లు అంటారు. మొదటి రెండూ మర్యాద, మూడోది మనసు. మూడోసారి కూడా కాదంటే అక్కడితో సరి. యువోనో నాలుగోసారి అడిగారు. సంచి మీద చెయ్యి వేసి మరీ అడిగారు. నేను సంచి ఒళ్ళోకి లాక్కున్నాను.

అప్పుడే ప్రధానోపాధ్యాయురాలు బు రెత్నో తలుపులోంచి తొంగి చూశారు. "పాక్ యువోనో, మీ పరిశోధన నివేదిక జిల్లా విద్యాశాఖ వాళ్ళకు తెగ నచ్చిందట! చదవడానికి హాయిగా ఉందన్నారు. మీ పదోన్నతి ఇక ఖాయం. మాకు విందు ఎప్పుడు?"

"అంతా మీ దయ బు" అని యువోనో తల వంచుకున్నారు. విందు మాట ఎత్తితే ముందుగా తనే నవ్వే మనిషి ఆ రోజు నవ్వలేదు.

తర్వాత గలుహ్ వచ్చిన రోజు నేను ఆమెను వంటింటి గడపలోంచి చూస్తూ కూర్చున్నాను. ఇప్పుడు వేళ్ళను చదవడం కొంత వచ్చింది. ఎడమ చిటికెన వేలు కిందికి, ఉంగరపు వేలు పైకి: అది మూయడం. చాలాసార్లు మూసింది. మధ్యలో ఒకచోట మాత్రం వేళ్ళు ఆగిపోయాయి. చాలాసేపు తెర వంక చూసింది. నేను గిన్నె చప్పుడు చేయగానే మూసేసింది.

మసీదు నుంచి సాయంత్రపు అసర్ బాంగు వినబడింది. "నమాజుకు వెళ్ళొస్తా ఇబు, మీరూ వస్తారా?" అంది.

"నువ్వు పద తల్లీ. పొయ్యి ఆర్పి వస్తాను."

పొయ్యి వెలిగించనే లేదు. ఆమె వీధి మలుపు తిరిగాక మూల కుర్చీలో కూర్చున్నాను. ల్యాప్‌టాప్ మూయకుండా వదిలి వెళ్ళింది. తెర మీద మబ్బు, సూర్యుడు.

యువోనో లేదన్నారు గనక ఆయన చెప్పినవాటిలో వెతికి లాభం లేదు. మార్కుల పట్టీలు టైపు చేసేటప్పటి అలవాటుతో ఆల్ట్‌తో ఎఫ్ నొక్కాను. పక్కన మెనూ జారింది. జవాబుపత్రాలు దిద్దేటప్పటిలా పై వరస నుంచి ఒక్కొక్క మాటా చదువుతూ కింది బాణం నొక్కుకుంటూ వచ్చాను. చరిత్ర అన్న చోట కుడి బాణం నొక్కితే ఇంకో పట్టీ తెరుచుకుంది. అందులో, ఇటీవల మూసినవి. మొదటి పేరు పక్కనే చిన్న అక్షరాల్లో నొక్కవలసిన మీటలు కూడా రాసి ఉన్నాయి. కంట్రోల్, షిఫ్ట్, టి. బడిపిల్లలకు కూడా కనబడే చోట ఉన్న దాన్ని కంప్యూటర్లు చెప్పే మనిషి లేదన్నారు.

నొక్కాను. ఒక పేజీ తిరిగి వచ్చింది. "ఈ పత్రం చెత్తబుట్టలో ఉంది" అని తప్ప అందులో ఏమీ లేదు. మళ్ళీ నొక్కాను. అదీ అంతే. మళ్ళీ. ఇన్ని పత్రాలు పారేసింది. పైన పేర్లు మాత్రం మిగిలాయి. ఎవరెవరివో పేర్లు, డిగ్రీ చదువులు, కాలేజీలు. దేశమంతా ఈ పని చేసేవాళ్ళను జోకీలంటారు. ఇంకొకరి పేరుతో పరిశోధనలు రాసిపెట్టేవాళ్ళు. పక్కవాడి జవాబు చూసి రాసిన పిల్లవాణ్ణి వరండాలో నిలబెట్టే నా ఇంట్లో అనువాదాల ఆఫీసు అంటే ఇదన్నమాట.

ఇంకోసారి నొక్కాను. ఈసారి వచ్చిన పత్రం పారేసింది కాదు. నిండుగా ఉంది. మొదటి పేజీ మీద మా బడి పేరు, దాని కింద పాక్ యువోనో పేరు.

లోపల వాక్యాలు నాకు తెలుసు. పొట్టివి. నివేదికల్లో అందరూ కుమ్మరించే బరువు మాటలు ఒక్కటీ లేవు. ఒక మాట తీసేసినా అర్థం చెడకపోతే ఆ మాట అక్కరలేదని, వెనింగ్ పలక పట్టిన నాటి నుంచి నేను చెప్పిందే. ఐదో అధ్యాయం రెండో పేజీ సగం దాకా అలాగే నడిచింది. అక్కడి నుంచి "పైన పేర్కొనబడిన అంశములను అనుసరించి" అని ఇంకెవరి చెయ్యో మొదలైంది.

పక్క అంచున మాటలు ఉన్నాయి. రాసేవాళ్ళు, రాయించేవాళ్ళు అనుకునే మాటలు.

"ఐదోది ఆదివారం లోపు కావాలి."

"జ్వరంగా ఉంది పాక్. రెండు రోజులు ఆగుతారా?"

"జిల్లా గడువు సోమవారం. కాస్త ఓపిక పట్టు తల్లీ. మాత్ర వేసుకుని కూర్చో."

"సరే పాక్. అమ్మతో మాత్రం అనకండి."

"నేనెందుకంటాను."

"కళ్ళు మంటలు. సగం అయింది. మిగతాది పొద్దున."

దాని కింద యువోనోవే రెండు మాటలు. "ఎక్కడిదాకా వచ్చింది?" "వెనింగ్?"

జవాబు లేదు.

గలుహ్ ఎప్పుడు వచ్చి గుమ్మంలో నిలబడిందో నేను చూడలేదు. నమాజు ముసుగు చేతిలో ఉంది. మూల కుర్చీలో నన్ను చూసి, తెరను చూడకుండానే తెలుసుకుంది.

"తెరవడం ఎలా వచ్చింది మీకు?" అంది చిన్నగా.

"చదవడం వచ్చు కదా. దీన్నెందుకు పారేయలేదు?"

"చెయ్యి రాలేదు ఇబు. మిగతావన్నీ పారేశాను. దీన్ని తెరుస్తాను, వెనింగ్ చివర్లో రాసింది చదువుతాను, మూసేస్తాను. ఈసారి చేద్దామని మళ్ళీ వస్తాను."

"ఎవరు చేయమన్నారు?"

ఆమె వీధి వైపు చూసింది.

"గలుహ్, నేను అడుగుతున్నాను."

"పాక్ యువోనో రోజూ మెసేజ్ పెడతారు. అయిందా, అయిందా అని. బయటపడితే వెనింగ్ పేరే పోతుందన్నారు, మీరు తట్టుకోలేరన్నారు. నాకూ అదే భయం." ముసుగును మడిచి, విప్పి, మళ్ళీ మడిచింది. "ఆస్పత్రికి పోదామని ఎంత బతిమాలానో ఇబు. వినదే! 'అమ్మ బళ్ళో సారు కదే, ఎలా కాదనను, మాట ఇచ్చాను' అంటుంది. నన్నే వెక్కిరించింది, 'నువ్వేమైనా డాక్టరువా, పోయి పడుకో ముసలమ్మా' అని. నేను పోయి పడుకున్నాను."

ఏమిటా పని అన్న దానికి జవాబు వచ్చింది. అది మా బడిలోనే, నేను అన్నం తినే బల్ల పక్కనే కూర్చుని ఉంది.

"ఇది బయట పెడితే జోకీ అంటారు దాన్ని" అంది గలుహ్. "ప్రార్థనకు వచ్చేవాళ్ళంతా గుసగుసలాడతారు."

"అంటారు" అన్నాను. "కూర్చో. దీన్ని ఎవరూ పారేయకుండా దాచడం ఎలాగో చూపించు."

ఆమె నా పక్కన కూర్చుంది. ఈసారి తెర ఇద్దరికీ కనబడింది.

మర్నాడు బడి మొదలుకాకముందే ల్యాబ్‌కు వెళ్ళాను. యువోనో ఒక్కరే ఉన్నారు.

"పాక్, మీరు నాకు ఒకటి నేర్పడం మరిచిపోయారు. కంట్రోల్, షిఫ్ట్, టి."

కాదంటారని, లేదా నవ్వేస్తారని అనుకున్నాను. ఆయన తలుపు వైపు చూశారు.

"ఎంతవరకు తెరిచారు?" అన్నారు.

ఆ మాట తర్వాత నాకు అనుమానించడానికి ఏమీ మిగలలేదు.

"'వెనింగ్?' అన్న చోటి దాకా."

ఆయన కుర్చీలో కూలబడ్డారు. "అంత జ్వరమని నాకేం తెలుసు బు? మామూలు జ్వరం అనుకున్నా. ఒక్క అధ్యాయం కదా అనుకున్నా. నాకూ పిల్లలున్నారు..."

"తెలుసు. పెద్దవాడు నా తరగతే."

"మీ అమ్మాయి పేరు చెడుతుంది బు. నాకోసం కాదు, దానికోసం ఆలోచించండి. మూసేద్దాం. ఇది మన ముగ్గురి మధ్యే ఉంటుంది."

"నా కూతురి పేరు మీరు ఎత్తకండి. పదండి, బు రెత్నో వచ్చారు."

ఆయన నా వెనకే వచ్చారు. రాకపోతే లాగగలిగినదాన్ని కాదు. పదిమందిలో రచ్చ అవుతుందన్న భయమే లాక్కొచ్చింది. బు రెత్నో బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచి పెట్టాను. ఆమె చదివారు. పక్క అంచుకు వచ్చేసరికి అక్కడే ఆగి, పైనుంచి మళ్ళీ చదివారు.

"ఇది నిజమేనా పాక్?"

యువోనో నేల చూపులు చూశారు. మా దగ్గర అది ఔనన్నట్టే.

బు రెత్నో లేచి తలుపు మూసి వచ్చారు. "బు మర్సిని, బాగా ఆలోచించుకున్నారా? వారం తిరగకముందే మీ ఇంట్లో ప్రార్థన. ఊరంతా వస్తుంది. జిల్లాకు రాయాలంటే అసలు రాసింది ఎవరో కూడా రాయాలి. రాశాక నేను చెరపలేను."

"రాయండి."

ఆమె కలం తీసుకుని, ఇంకా తటపటాయిస్తూ నా వైపు చూశారు.

"వెనింగ్ పరమేస్తి" అన్నాను. "మొదటి పేజీ నుంచి ఐదో అధ్యాయం రెండో పేజీ సగం దాకా. మిగతాది పాక్ యువోనోది."